చక్రాల మీద ఇల్లు

పిల్లలూ, వానాకాలంలో పెరట్లో నత్తను మీరు చూసే ఉంటారు. అది ఎక్కడికి పోయినా తన ఇల్లు తానే మోసుకుపోతుంది. అలిసిపోతే ఉన్నచోటనే లోపలికి ముడుచుకుని నిద్రపోతుంది. మనకు కూడా అలాటి ఇల్లు ఉంటే ఎంత బాగుండునని చిన్నప్పుడు నేను అనుకునేవాణ్ణి. అరవై దాటిన తరవాత నాకా కోరిక తీరింది. అయిదు రోజులపాటు నేను నత్త బతుకు బతికాను. ఆ అయిదు రోజుల్లోనే ఒక తప్పు కూడా చేశాను. రెండు సంగతులూ మీకు చెబుతాను.

నేను ముప్పైనాలుగేళ్ళు పంతులుగా పనిచేసి, చివరకు హెడ్మాస్టరునై, 2017లో రిటైరయినాను. చిన్నప్పుడు బడిలో నాతో ఒకే బల్ల మీద కూచున్న మిత్రుడొకడు ఇంగ్లండులో లీస్టరు అనే పట్నంలో డాక్టరుగా స్థిరపడ్డాడు. “ఇన్నేళ్ళూ పిల్లలకు ఇంగ్లండు పటం గీసి చూపించావు. ఒకసారి వచ్చి అసలుది చూడరా,” అని వాడు ఏటా రాసేవాడు. 2019 మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్ళాము.

మే చివరి వారంలో అక్కడి బడులకు సెలవు. డాక్టరు మనవడు బుజ్జికి పదేళ్ళు. వాళ్ళ పక్కింట్లో ఒక ఇంగ్లీషు పెద్దమనిషి ఉన్నాడు. ఆయన రైలింజన్లు నడిపి రిటైరయినవాడు. బుజ్జి ఆయనను “ఇంజను తాతయ్య” అంటాడు, నన్ను “మాస్టారు తాతయ్య” అంటాడు. ఇంజను తాతయ్యకు ఒక కారవాను ఉంది. ఆ సెలవుల్లో మా నలుగురం అందులో తిరిగి వద్దామని నిశ్చయించుకున్నాము. మా ఇద్దరి ఇంటావిడలూ మాత్రం, “ఇక్కడ వంట చేస్తున్నది చాలదా, అంతదూరం పోయి అగ్గిపెట్టెలాటి గదిలో కూడా వండాలా?” అని ఇంట్లోనే ఉండిపోయారు.

కారవాను అంటే ఏమిటో చెబుతాను. అది కారు వెనక తగిలించుకు పోయే చిన్న ఇల్లు. ఈ మాట పారశీక భాషది. ఎడారుల్లో ఒంటెల మీద సరుకులు వేసుకుని గుంపుగా పోయే వర్తకుల బిడారును కారవాను అనేవారు. మన దక్కనులో లంబాడీలు కూడా ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పూ, ధాన్యమూ వేసుకుని ఇలాగే గుంపులుగా దేశమంతా తిరిగేవారు. ఇంగ్లండులో సరదా కోసం కారవాను చేయించుకున్నవారిలో మొదటివాడుగా గార్డన్ స్టేబుల్స్‌ను చెబుతారు. ఆయన నౌకాదళంలో వైద్యుడుగా ఉండి, తరవాత పిల్లల పుస్తకాలు రాశాడు. 1885లో బ్రిస్టలు నగరంలో ఒక బండి కట్టించి, దానికి “వాండరరు”, అంటే దేశదిమ్మరి అని పేరు పెట్టి, గుర్రాలు పూన్చి ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా వెళ్ళాడు.

మా కారవానుకు గుర్రాలు లేవు. కారు వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. కారవాను ముందు భాగంలో ఉండే కొక్కెం దానిమీద కూచుంటుంది. ఒకవేళ దారిలో ఆ కొక్కెం ఊడినా ప్రమాదం లేకుండా ఒక తీగ ఉంటుంది. అది లాగబడగానే కారవానుకు దానంతట అదే బ్రేకు పడుతుంది. బయలుదేరే ముందు ఇంజను తాతయ్య కొక్కెం, తీగ, దీపాలు, టైర్లు ఒక్కొక్కదాని పేరే బయటికి చెబుతూ చేత్తో తాకి చూశాడు.

“కనిపిస్తూనే ఉన్నాయి కదా, తాకడం దేనికి?” అన్నాను నేను.

“కళ్ళు తొందరపడతాయి. చెయ్యి తొందరపడదు. నలభై ఏళ్ళు ఇంజను నడిపి నేర్చుకున్నది ఇదొక్కటే,” అన్నాడాయన.

ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

సామాను సర్దటంలో కూడా ఒక శాస్త్రం ఉంది. బరువైనవన్నీ కింద, చక్రాల ఇరుసుకు దగ్గరగా పెట్టాలి. బరువు వెనక్కు చేరితే కారవాను ముక్కు తేలికైపోయి, వేగంగా పోయేటప్పుడు పాములా అటూ ఇటూ ఊగుతుంది. తూగుడుబల్ల మీద మీలో ఒకరు మరీ చివరికి జరిగి కూచుంటే అవతలివాడి కాళ్ళు పైకి లేవవూ? ఇదీ అంతే. అందుకే మా ఆవకాయ జాడీకి ఇరుసు పక్కనే చోటు దొరికింది. కారవాను లాగే కార్లకు అక్కడ వేగానికి కట్టుబాటు ఉంది. పెద్ద మోటారు దారుల మీద గంటకు 60 మైళ్ళు, మామూలు రోడ్ల మీద 50 మైళ్ళు మించరాదు.

ఆ సాయంత్రానికి పీక్ డిస్ట్రిక్టు అనే కొండల ప్రాంతంలో కాసిల్టన్ అనే ఊరి దగ్గరికి చేరి, ఒక రైతు మైదానంలో ఇల్లు దింపాము. పచ్చిక నేల ఏటవాలుగా ఉంది. పల్లంగా ఉన్నవైపు చక్రం కింద ఒక మెట్టు దూర్చి, గాజు గొట్టంలో బుడగ ఉండే తాపీవాళ్ళ మట్టం నేలమీద పెట్టి, సరిగా నిలబెట్టాడు ఇంజను తాతయ్య. నాలుగు మూలలా నాలుగు కాళ్ళు దింపాడు. లోపల బల్లను కిందికి దించి, దాని మీద పరుపులు పరిస్తే అది మంచమై కూచుంది. బొమ్మల కొలువులో ఇల్లులాగా ఉంది. పొయ్యి ఉంది, అలమరలు ఉన్నాయి, చిన్న ఫ్రిజ్ కూడా ఉంది.

నీళ్ళు తెచ్చే పని బుజ్జిది. దానికి 40 లీటర్ల పీపా ఉంది. పంపు దగ్గర నింపి, పడుకోబెట్టి, చక్రంలాగా నేలమీద దొర్లించుకుంటూ తెస్తాడు. వాడిన నీళ్ళు కిందనే మరొక తొట్టిలో పడతాయి. ఆ తొట్టిని వాటికి కేటాయించిన చోటికి తీసుకుపోయి పారబోయాలి. కనక ఎన్ని నీళ్ళు వాడితే అంతపని రెండుసార్లు! మొదటి రోజు నేను ముఖం కడుక్కుంటూ పంపు వదిలేశాను. “మాస్టారు తాతయ్యా, ఆ నీళ్ళన్నీ నేను దొర్లించినవే!” అని బుజ్జి కేకవేశాడు. రెండో రోజు నాకు చెంబెడు నీళ్ళు సరిపోయినాయి. నీటి పొదుపును గురించి నేను బడిలో చేసిన ఉపన్యాసాలన్నిటికన్నా ఆ పీపా బాగా పాఠం చెప్పింది.

పొయ్యికి గ్యాసు సిలిండరు ఉంది. గ్యాసులో బ్యూటేను, ప్రొపేను అని రెండు రకాలు. చలి మంచు గడ్డకట్టేదాకా వస్తే బ్యూటేను సిలిండరులో ద్రవంగానే ఉండిపోతుంది, పొయ్యి వెలగదు. ప్రొపేను మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. అందుకని చలిదేశంలో అదే నయం. ఆ ప్రొపేను మంట మీద డాక్టరు ఉప్మా చేశాడు. ఇంజను తాతయ్య ఆవకాయను జాం అనుకుని చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, “బాగుంది. ఇంజనులో వేస్తే బొగ్గు అక్కరలేదు,” అన్నాడు.

అక్కడ మే నెలాఖరున రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు. వేసవిలో భూమి ఉత్తరపు కొస సూర్యుడి వైపు వంగి ఉంటుంది. ఆ దేశం మనకన్నా చాలా ఉత్తరాన ఉంది కనక అక్కడ పగలు అంత పొడుగు. అందుచేత రోజూ భోజనాలయిన తరవాత కూడా షికారుకు పోయేవాళ్ళం.

ఆ షికార్లలో నేను రెండు వింతలు చూశాను. మొదటిది గోడలు. కొండల మీద కనుచూపు మేర రాతి గోడలే. వాటిలో సున్నం లేదు, మట్టి కూడా లేదు. రెండు వరసల రాళ్ళు పేర్చి, మధ్యను చిన్న రాళ్ళు కూరి, అక్కడక్కడ రెండు వరసలనూ పట్టి ఉంచేటట్టు అడ్డంగా పొడుగు రాయి పెడతారు. కింద వెడల్పు, పైకి పోయినకొద్దీ సన్నం. రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది.

రెండోది కాలిబాటలు. రైతుల పొలాల మధ్యగా అందరికీ నడిచే హక్కు ఉన్న బాటలున్నాయి. కాని పైనున్న పచ్చిక కొండల మీదికి ఒకప్పుడు మామూలు జనాన్ని రానిచ్చేవారు కారు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువగా మాంచెస్టరు ప్రాంతపు పనివాళ్ళు, కిండరు స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే నడిచిపోయారు. వారిలో అయిదుగురికి జైలుశిక్ష పడింది. ఆ తరవాత పరిస్థితి మెల్లగా మారింది. 1951లో పీక్ డిస్ట్రిక్టును బ్రిటనులో మొట్టమొదటి జాతీయ పార్కుగా ఏర్పాటు చేశారు. ఆ నడిచే హక్కు కావాలంటే మనం పాటించవలసిన నియమం ఒకటుంది: గేటు ఎలా ఉంటే అలాగే ఉంచి పోవాలి. మూసి ఉన్నదాన్ని తీస్తే, తిరిగి మూయాలి.

దీనికి ఇంజను తాతయ్య ఒక ఏర్పాటు చేశాడు. “రైలుకు చివరి పెట్టెలో గార్డు ఉంటాడు. మన వరసలో చివర నడిచేవాడు గార్డు. గేటు వాడే వేయాలి,” అని బుజ్జిని గార్డుగా నియమించాడు. వాడు గర్వంగా ప్రతి గేటూ వేసి, గొళ్ళెం తాకి చూసి, “రైట్!” అని అరిచేవాడు.

మూడోనాడు సాయంత్రం మామ్ టార్ అనే కొండ ఎక్కాము. అది 517 మీటర్ల ఎత్తు. ఆ పేరుకు “అమ్మ కొండ” అని అర్థం చెబుతారు. ఇసుకరాయి పొరలూ, మెత్తని బంకరాయి పొరలూ ఒకదానిమీద ఒకటి ఉండటం వల్ల, వాననీరు దిగి ఆ కొండ మాటిమాటికీ జారుతుంది. జారిన మట్టి కింద పిల్లకొండలై నిలిచింది. ఆ పక్కగా పోయే రోడ్డును ఎన్నిసార్లు బాగుచేసినా విరిగిపోతూ ఉండటంతో 1979లో మూసేశారు.

దిగి వస్తూండగా వాన మొదలయింది. డాక్టరూ, ఇంజను తాతయ్యా ముందు పోయారు. వెనక నేనూ, బుజ్జీ ఉన్నాము. గొర్రెలున్న మైదానం గేటు దగ్గర వాడు చలికి వణుకుతున్నాడు. “నువ్వు పరుగెత్తరా, గేటు నేను వేస్తాలే,” అన్నాను. వాడు పరుగెత్తాడు. నేను గేటు తోశాను. మూసుకున్నట్టే కనిపించింది. కళ్ళజోడు మీద వాన కారుతోంది. గొళ్ళెం తాకి చూడకుండానే వచ్చేశాను.

ఆ రాత్రి పైకప్పు మీద వాన చిటపటలాడుతుంటే హాయిగా నిద్రపోయాను.

పొద్దున మేము టీ తాగుతూండగా ఆ పొలం ఆసామి వచ్చింది. ఆవిడ యాభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుంది. “నిన్న సాయంత్రం పై గేటు ఎవరు వదిలేశారు? గొర్రెలు రోడ్డెక్కినాయి. ఒక పిల్లకు కారు తగిలి కాలు విరిగింది,” అన్నది. గొంతు పెంచలేదు.

డాక్టరు వెంటనే బుజ్జి వైపు తిరిగాడు. “గార్డువు నువ్వే కదూ! వానకు భయపడి గేటు వదిలేసి పరుగెత్తావా?”

బుజ్జి నా వైపు చూశాడు.

పిల్లలూ, వాడు చూసినది ఒక్క క్షణమే. కాని నేను నోరు విప్పడానికి ఆ క్షణం చాలు. “వేయనిది నేను,” అనటానికి ఎంతసేపు పడుతుంది? ముప్పైనాలుగేళ్ళు పిల్లలకు సత్యం చెప్పమని బోధించినవాణ్ణి. పరాయి దేశంలో, పరాయి మనిషి ముందు, హెడ్మాస్టరుగారు ఒక గేటు సరిగా వేయలేదని ఒప్పుకోవాలంటే నాకు సిగ్గు ముంచుకొచ్చింది. టీ కప్పు పెదవులకు ఆనించుకుని, “పోనీలేరా, పసివాడు,” అన్నాను.

అబద్ధం ఆడకుండానే అబద్ధం ఆడటం అంటే ఇదే. పైపెచ్చు, నా తప్పును వాడిమీద పెట్టి, వాణ్ణి నేనే క్షమిస్తున్నట్టు మాట్లాడాను!

బుజ్జి ఇంకేమీ అనలేదు. ఆవిడ ముందు నిలబడి క్షమించమని చెప్పాడు. వాడి కళ్ళనిండా నీళ్ళున్నాయి.

ఆ రోజు మేము ఒక పల్లెకు వెళ్ళవలసి ఉంది. దాని పేరు ఈమ్. 1665లో లండనులో ప్లేగు చెలరేగింది. ఆ వేసవి చివర లండను నుంచి ఈమ్‌లోని దర్జీకి ఒక బట్టల మూట వచ్చింది. దానితోపాటు ప్లేగు మోసే గోమార్లు కూడా వచ్చాయని చెబుతారు. మూట విప్పిన పనివాడు సెప్టెంబరు 7న చనిపోయాడు. తరవాత ఇంటి తరవాత ఇంటికి జబ్బు పాకింది. ప్లేగు సూక్ష్మజీవిని యెర్సిన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టింది 1894లో. అంటే అప్పటివాళ్ళకు అది ఎలా వస్తుందో తెలియదు. పారిపోతే పక్క ఊళ్ళకు తీసుకుపోతామని మాత్రం తెలుసు.

1666 జూన్‌లో ఆ ఊరి చర్చి గురువు మాంపెసన్, ఆయనకు ముందు గురువుగా ఉండిన స్టాన్లీ కలిసి ఊరివాళ్ళను కూడదీసి, ఎవరూ పొలిమేర దాటవద్దని ఒప్పించారు. బయటి ఊళ్ళవాళ్ళు తిండి తెచ్చి పొలిమేరలో పెట్టి పోయేవారు. దాని ఖరీదు నాణేలను ఈమ్‌వాళ్ళు రాతి గుంటల్లో వెనిగరు పోసి అందులో వేసేవారు. ఒక తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనూ, ఆరుగురు పిల్లలనూ తన చేతులతోనే పాతిపెట్టింది. మాంపెసన్ భార్య కూడా పోయింది. పధ్నాలుగు నెలల్లో 260 మంది చనిపోయారు.

ఆ గుంటలున్న పొలిమేర రాయి ఇప్పటికీ ఉంది. నేనూ, బుజ్జీ దాని పక్కన కూచున్నాము. వాడు ఒక గుంటలో వేలుపెట్టి చాలాసేపు ఊరుకుని, అప్పుడడిగాడు:

“తాతయ్యా, వాళ్ళు రాత్రిపూట పారిపోతే ఎవరికి తెలుస్తుంది?”

“ఎవరికీ తెలియదు,” అన్నాను.

“మరి ఎందుకు పోలేదు?”

వాడు నన్ను దెప్పాలని అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. కాని నాకు జవాబు చెప్పే యోగ్యత లేదు. నా గొంతు ఎండిపోయింది.

“బుజ్జీ, గేటు వేయనిది నేను,” అన్నాను.

“నాకు తెలుసు, తాతయ్యా.”

“మరి పొద్దున ఎందుకు చెప్పలేదు?”

“మీరే చెబుతారనుకున్నాను,” అన్నాడు.

నేను ఎందరో పిల్లలకు మార్కులు వేశాను. నాకెవరైనా సున్నా వేశారంటే అది ఆ రోజునే.

వాణ్ణి క్షమించమని అడిగాను. కారు దగ్గరికి వచ్చి డాక్టరుకూ, ఇంజను తాతయ్యకూ ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరు నా ముఖం చూడలేదు. బుజ్జి తలమీద చెయ్యి వేసి, “అడగకుండా నిన్ను తిట్టాను, నాన్నా. నాదీ తప్పే,” అన్నాడు. ఇంజను తాతయ్య కారు తాళాలు తీసి, “పదండి, చీకటి పడకముందే ఆవిణ్ణి చూడాలి,” అని మాత్రం అన్నాడు.

ఆవిడ కొట్టంలో ఉంది. జరిగినదంతా చెప్పాను. ఆవిడ విని, “ఆ గొళ్ళెం పైకెత్తి నొక్కితేగాని పడదు. అందుకే తాకి చూసుకోవాలి,” అన్నది. తరవాత, “గేటు సంగతి సరే. ఆ పిల్లవాడికి చెప్పారా?” అని అడిగింది.

“ముందు వాడికే చెప్పాను.”

“అయితే లోపలికి రండి.”

పశువుల డాక్టరుకు అయిన ఖర్చు నేను ఇస్తానంటే ఆవిడ వద్దనలేదు. ఎంతయిందో చెప్పి తీసుకుంది. వద్దని ఉంటే నా మనసుకు ఇంకా బరువయ్యేది. గడ్డి మీద ఆ గొర్రెపిల్ల ముంగాలికి బద్దలు కట్టించుకుని పడుకుని ఉన్నది. ఆవిడ బుజ్జి చేతికి పాలసీసా ఇచ్చింది. వాడు పట్టగానే అది తోక ఆడిస్తూ తాగటం మొదలుపెట్టింది. పొద్దుటినుంచీ వాడు నవ్వటం అదే మొదలు.

ఆ తరవాత వరసలో చివర నేనే నడిచాను. ఏ గేటు వచ్చినా గొళ్ళెం పైకెత్తి, నొక్కి, చేత్తో తాకి, “రైట్!” అని అరిచేవాణ్ణి. ముందు నడుస్తున్న బుజ్జి చెయ్యి ఊపేవాడు.

మేము ఇండియా వచ్చిన కొన్నాళ్ళకు బుజ్జి ఒక ఫోటో పంపాడు. గొర్రెపిల్లకు కట్టు విప్పేశారు. కాస్త కుంటుతుందట, కాని మందతోపాటే మేస్తుందట. ఆ మరుసటి ఏడు, 2020లో, కరోనా వచ్చి మనమంతా గడప దాటకుండా ఉండవలసి వచ్చినప్పుడు, బుజ్జి ఫోనులో, “తాతయ్యా, మనం ఈమ్‌వాళ్ళలాగా ఉంటున్నాం!” అన్నాడు.

పిల్లలూ, మన పొలాలకు అంత గట్టి గేట్లు ఉండకపోవచ్చు. తడికె ఉంటుంది, లేదా ముళ్ళకంప అడ్డం ఉంటుంది. దాన్ని దాటి పోయేటప్పుడు మళ్ళీ ఉన్నచోట పెట్టి, చేత్తో తాకి చూడండి. ఎప్పుడైనా మరిచిపోతే, అడిగినప్పుడు వెంటనే చెప్పండి. ఆలస్యమైనకొద్దీ చెప్పటం బరువవుతుంది, ఆ బరువు ఇంకొకరు మోయవలసి వస్తుంది.

పెద్దలకు కూడా ఒక మాట. పిల్లవాడు మీ ముఖంకేసి చూసి ఊరుకున్నాడంటే, వాడికి చెప్పటానికేమీ లేదని అనుకోకండి. మీరు చెబుతారేమోనని చూస్తున్నాడేమో!